జాంబీ విపత్తు వస్తే ఇల్లు, ఊరు, నాయకులు: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి ప్రాంతాల్లోని కళాశాలల్లో, యువజన సంఘాల్లో, మహిళా సంఘాల సమావేశాల్లో విపత్తు సన్నద్ధత గురించి మాట్లాడేటప్పుడు నేను కొన్నేళ్లుగా జాంబీ కథను ఒక అభ్యాసంగా వాడుతున్నాను. వరద గురించి అడిగితే "మాకు తెలుసు" అని ఊరుకునేవారు కూడా, చనిపోయిన మనిషి లేచి వచ్చి ఇంటి దర్వాజ కొడితే ఏం చేస్తారని అడిగినప్పుడు వెంటనే వాదనకు దిగుతారు. ఎక్కడికి వెళ్లినా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నందున వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను. ఎవరికి ఏ ప్రశ్న అవసరమో దానిని మాత్రమే చదువుకోవచ్చు.

అభ్యాసంలో మేము పెట్టుకున్న నియమాలు ఇవి. జబ్బు కాటు వల్లనే అంటుతుంది, గాలి వల్ల అంటదు. కాటు పడిన మనిషి కొన్ని గంటల నుంచి మూడు రోజుల లోపల మారిపోతాడు, అంతవరకు అతడు మామూలు మనిషే. మారినవాడు తిరిగి మనిషి కాడు. జాంబీలు శబ్దం వచ్చిన వైపు నడుస్తాయి, గోడ ఎక్కలేవు, గొళ్లెం తీయలేవు.

## ముందుగా: ఈ ఊహ గురించి

జాంబీలు నిజంగా ఉంటాయా? లేనిదాని కోసం ఇంత తయారీ దేనికి?

లేవు, రావు. చనిపోయిన శరీరం లేచి నడవడం ప్రకృతిలో జరిగే పని కాదు. అయినా పెద్ద సంస్థలే దీనిని పాఠంగా వాడుకున్నాయి. అమెరికాలోని వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రాలు, అంటే సీడీసీ, 2011 మేలో జాంబీలు వస్తే ఇంట్లో ఏమేం సిద్ధంగా ఉంచుకోవాలో చెబుతూ ఒక వ్యాసం ప్రచురించింది. దానిని చదవడానికి జనం ఎగబడడంతో ఆ పేజీ తెరుచుకోకుండా పోయింది. అందులో చెప్పిన నీళ్లు, మందులు, టార్చిలైటు, కుటుంబమంతా కలుసుకునే చోటు అన్నీ తుపానుకూ భూకంపానికీ పనికివచ్చేవే. అదే ఏడాది అమెరికా సైన్యపు వ్యూహాత్మక కమాండ్, ప్రణాళికలు రాయడం నేర్పడానికి 8888 అనే సంఖ్యతో జాంబీలను ఎదుర్కొనే ప్రణాళికను తయారుచేసింది. ఏ నిజమైన దేశాన్నీ శత్రువుగా చూపించకుండా ఉండాలనే వారు జాంబీలను ఎంచుకున్నారు. మా కారణం కూడా దాదాపు అదే. కరోనా పేరెత్తితే ఎవరి ఇంటి నుంచి ఎవరి ఇంటికి అంటిందన్న పాత పంచాయితీ మొదలవుతుంది. జాంబీ అంటే ఎవరి మనసూ నొవ్వకుండా అవే సంగతులు మాట్లాడుకోవచ్చు.

ఇది మన బేతాళుడి కథ లాంటిదేనా?

కొంతవరకే. బేతాళుడు శవాన్ని ఆవహించి కథ చెబుతాడు, ప్రశ్న వేస్తాడు, అతనికి బుద్ధి ఉంది. జాంబీకి మాట లేదు, జ్ఞాపకం లేదు. జాంబీ అన్న మాట మనకు హైతీ ప్రజల నమ్మకాల నుంచి వచ్చింది. అక్కడ జాంబీ అంటే మంత్రగాడికి బానిసగా చాకిరీ చేసే శవం. చెరకు తోటల్లో బానిసలుగా బతికినవారి భయం అందులో ఉంది. కాటుతో ఒకరి నుంచి మరొకరికి అంటుకోవడం తరువాతి కాలపు సినిమాలు చేర్చినది. మన అభ్యాసానికి ఆ అంటుకునే గుణమే ముఖ్యం, ఎందుకంటే దానివల్ల ఒక ఇంటి కష్టం ఊరంతటి కష్టమవుతుంది.

కుక్క కరిస్తే వచ్చే రేబిస్‌కూ దీనికీ పోలిక ఉందా?

ఉంది. రేబిస్ వైరస్ లాలాజలంలో ఉంటుంది, కాటు ద్వారా ప్రవేశించి నరాల వెంట మెదడుకు చేరుతుంది, మనిషి ప్రవర్తనను మార్చివేస్తుంది. కాటుకూ లక్షణాలకూ మధ్య సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలల వ్యవధి ఉంటుంది. లక్షణాలు కనిపించిన తరువాత బతికినవారు అత్యంత అరుదు. అయితే ఆ వ్యవధిలో టీకా పనిచేస్తుంది, 1885లో లూయీ పాశ్చర్ కుక్క కరిచిన తొమ్మిదేళ్ల బాలుడికి టీకా వేసి బతికించినప్పటి నుంచి ఇది ప్రపంచానికి తెలిసిన సంగతే. కాబట్టి నిజంగా కుక్క కరిస్తే గాయానికి పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. సబ్బు పెట్టి, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించుకోవాలి, చెప్పిన సూదులన్నీ పూర్తి చేయాలి. జాంబీ మాట మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోమని ప్రతి సమావేశంలో బతిమాలి చెబుతాను.

ఎంత వేగంగా పాకుతుంది?

ఒక్కో జాంబీ రోజుకు ఒక్కరిని కరిచినా లెక్క ప్రతిరోజూ రెట్టింపవుతుంది. ఒకటితో మొదలైతే ఏడు రోజులకు 128, పది రోజులకు 1,024, ఇరవై రోజులకు 10,48,576. ఈ చివరి సంఖ్య 2011 జనగణన నాటి వరంగల్ నగర జనాభా కంటే ఎక్కువ. మొదటి వారంలో సంఖ్య చిన్నదిగా కనిపించడం వల్లనే ఎవరూ నమ్మరు, ఎవరూ కదలరు. 2009లో కెనడాలో నలుగురు పరిశోధకులు జాంబీ వ్యాప్తికి గణిత నమూనా కట్టి చూసినప్పుడు, ఆలస్యంగా కొద్దికొద్దిగా చేసే చర్యలు నిలవవని, త్వరగా, గట్టిగా, మళ్లీ మళ్లీ చేసినవే నిలుస్తాయని తేలింది.

## మొదటి గంటలు: ఇంటి లోపల

హనుమకొండలో గది అద్దెకు తీసుకుని చదువుకుంటున్నాను. వార్త వినగానే ఊరికి పోవాలా, ఇక్కడే ఉండాలా?

గదిలో నీళ్లు, నాలుగు రోజుల తిండి ఉంటే ఇక్కడే ఉండడం మంచిది. అందరూ ఒకేసారి ఊరికి బయలుదేరిన రోజున అన్నింటికంటే ప్రమాదకరమైన చోట్లు బస్టాండు, కాజీపేట జంక్షన్. ఎవరికి కాటు పడిందో తెలియని వేల మంది భుజాలు రాసుకుని నిలబడేది అక్కడే. ఉండలేని పరిస్థితి వస్తే పగటిపూట, పెద్ద రోడ్డు వదిలి, ఇద్దరు ముగ్గురు కలిసి బయలుదేరండి. ఊరు చేరిన తరువాత నేరుగా ఇంట్లోకి అడుగుపెట్టకుండా బావి దగ్గరి కొట్టంలోనో, బడిలోనో మూడు రోజులు విడిగా ఉండండి. తల్లి ఏడ్చి పిలిచినా సరే.

ఐదుగురం ఉన్న ఇంట్లో ఎంత తిండి, ఎంత నీళ్లు పెట్టుకోవాలి?

మనిషికి రోజుకు 400 గ్రాముల బియ్యం అనుకుంటే ఐదుగురికి రెండు కిలోలు, అంటే ఒక క్వింటాలు 50 రోజులు వస్తుంది. దానికి పప్పు, పల్లీలు, మక్కలు, ఉప్పు, చింతపండు, ఏడాది తొక్కు తోడు. నీళ్ల లెక్క కష్టమైనది. తాగడానికి, వండడానికి, శుభ్రతకు కలిపి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు ఉండాలని సహాయ శిబిరాలకు పెట్టుకున్న అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. ఐదుగురికి 75 లీటర్లు, అంటే 500 లీటర్ల డ్రమ్ము వారం కూడా రాదు. మిషన్ భగీరథ నల్లా మోటార్ల మీద ఆధారపడినది, కరెంటు పోతే అదీ ఆగుతుంది. చేత్తో కొట్టే బోరింగు ఎక్కడ ఉందో, అది పనిచేస్తున్నదో లేదో ఇప్పుడే చూసి పెట్టుకోవాలి. బీపీ, షుగర్ మాత్రలు నెల రోజులకు సరిపడా ఉండాలి.

ఒక మాట బాధతోనే చెబుతున్నాను. మా చిన్నతనంలో రైతు ఇంట్లో గుమ్మి నిండా వడ్లు ఉండేవి. ఇప్పుడు వడ్లు కల్లం నుంచి నేరుగా కొనుగోలు కేంద్రానికి పోతున్నాయి, ఇరవై ఎకరాల ఆసామి కూడా బియ్యం బస్తా దుకాణంలో కొంటున్నాడు. రెండు బస్తాల వడ్లు ఇంట్లో ఆపుకోవడం పెద్ద భారం కాదు.

బాపును కరిచింది. కానీ ఇంకా మంచిగనే మాట్లాడుతున్నడు. ఏం చేయాలె?

ఈ ప్రశ్న వచ్చినప్పుడు సమావేశంలో ఎవరూ ఎవరి ముఖమూ చూడరు. మన దగ్గర శవాన్ని శ్మశానానికి తీసుకుపోయేటప్పుడు దారిలో ఒకచోట పాడె దింపి, దగ్గరి బంధువు చనిపోయిన మనిషి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తాడు, ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతాడేమోనని. ఆ చోటు దింపుడు కల్లం, ఆ ఆశ దింపుడు కల్లం ఆశ. జాంబీ విపత్తులో కుటుంబాలను పట్టి ఉంచేది ఈ ఆశే. పైగా ఇక్కడ పిలిస్తే శరీరం నిజంగానే కదులుతుంది.

కాటు పడిన తరువాత, మారిపోయేంతవరకు ఆయన మీ బాపే. ఆయనకు ఒక అర్ర ఇవ్వండి, దానికి గొళ్లెం బయట వైపు ఉండాలి, మాట్లాడుకోవడానికి కిటికీ ఉండాలి. నీళ్లు, ఇష్టమైన కూర, కప్పుకోవడానికి దుప్పటి ముందే లోపల పెట్టండి. ఆయనను లోపలికి నెట్టవద్దు, ఆయనే నడిచి వెళ్లేలా మాట్లాడండి. కిటికీ దగ్గర ఎవరో ఒకరు ఎప్పుడూ ఉండాలి. అప్పులు, పొలం, పిల్లల పెళ్లి, ఆయన చెప్పదలచుకున్నదంతా చెప్పనివ్వండి. గొళ్లెం బాధ్యత మాత్రం భార్యకూ, ఆయన మీద ఎక్కువ ప్రేమ ఉన్న బిడ్డకూ ఇవ్వవద్దు. ఇంటివారు ఒకరు, పక్కింటివారు ఒకరు, ఇద్దరూ ఒప్పుకుంటేనే తలుపు తీయాలి. మూడు రోజులు దాటి ఆయన మనిషిగానే ఉంటే తలుపు తీసి కౌగిలించుకోండి.

2021 మే నెలలో మా పెద్దబాపుకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు ఎండదెబ్బ అన్నాడు. దగ్గు వస్తే కండువా నోట్లో కుక్కుకుని దగ్గేవాడు, జ్వరం చూసే గొట్టం మనవరాలికి దొరకకుండా బనియను జేబులో పెట్టుకునేవాడు, చిన్న మనవడిని మాత్రం ఎప్పటిలాగే తన మంచంలోనే పడుకోబెట్టుకున్నాడు. ఐదో రోజుకు ఇంట్లో ఆరుగురు పడ్డారు. ఆయన బతికాడు, మా పెద్దమ్మ బతకలేదు. ఏడాది తరువాత ఒక సాయంత్రం అడిగితే, "చెప్తే నన్ను కొట్టంల ఒక్కన్ని పండవెడుతరనుకున్న" అన్నాడు. ఆయన భయపడింది జబ్బుకు కాదు, ఒంటరితనానికి. ఇంట్లో ఎవరికి ఏమైనా విడిగా ఉంచుతాం కానీ విడిచిపెట్టం అన్న మాట, ఎవరికీ ఏమీ కాకముందే, అందరూ అన్నం తినేటప్పుడు ఒకసారి గట్టిగా అనుకుని ఉంటే ఆయన మొదటి రోజే చెప్పేవాడని నేను నమ్ముతున్నాను.

మా నాయనమ్మ ఇల్లు విడిచి రానంటోంది. ఎత్తుకుని పోవాలా?

ముందు ఆమె పక్కన కూర్చుని, దేనిని విడిచి రాలేకపోతున్నదో అడగండి. చాలాసార్లు ఇల్లు మొత్తం కాదు, ఒక్క వస్తువో ప్రాణో ఉంటుంది: తాత మంచం, దేవుని అర్ర, పట్టా పాసుపుస్తకం, ఈనబోయే బర్రె. తీసుకుపోగలిగినదైతే తీసుకుపోండి. అప్పటికీ రానంటే, నడవలేని మనిషి రోడ్డు మీద కంటే గట్టి దర్వాజ, నీళ్ల కుండ, వండిన తిండి ఉన్న లోపలి అర్రలోనే ఎక్కువ కాలం బతుకుతుందన్నది కూడా ఆలోచించండి. ఆమెతో ఉండేదెవరో ఇష్టపడి ముందుకు రావాలి, చిన్న కోడలి మీద పడేయకూడదు.

మా ఆయన దుబాయిలో ఉన్నడు. ఇంట్లో నేను, అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. నిర్ణయం ఎవరు తీసుకోవాలి?

మీరే. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల్లో ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి, అక్కడ ప్రతి పెద్ద నిర్ణయం ఫోన్‌లో అడిగి తీసుకోవడం అలవాటు. విపత్తులో మొదట పోయేది ఆ ఫోనే. ఆయనతో ఈ రోజే మాట్లాడి, లైను దొరకని పక్షంలో మీ మాటే చివరి మాట అని అత్తమ్మ వినేలా ఆయన చేత చెప్పించండి. అత్తమ్మకు ఏ వాగు ఏ వానకు పొంగుతుందో, ఏ బావిలో ఎండాకాలం నీళ్లుంటాయో తెలుసు; ఆమెను అడగకుండా నిర్ణయం తీసుకోవద్దు.

పిల్లలకు ఏం చెప్పాలి?

నిజం చెప్పండి, చిన్న మాటల్లో. "మామయ్యకు జబ్బు చేసింది, మనల్ని గుర్తుపట్టడు, పిలిచినా దగ్గరికి పోవద్దు" అంటే ఐదేళ్ల బిడ్డకు అర్థమవుతుంది. నిద్రపోతున్నాడని, ఊరికి పోయాడని చెప్తే ఆ బిడ్డే వెళ్లి తలుపు తీస్తుంది.

బర్రెలు, మేకల సంగతి?

తలుగులు విప్పండి. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచెత్తినప్పుడు మనుషుల్లో ఎక్కువమంది మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు కానీ పశువులు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. ఆ ముందు రోజు నుంచి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అలాంటి రాత్రి కొట్టంలోకి వెళ్లి ఒక్కొక్క ముడి విప్పే సమయం దొరకదు. ఒక్క గుంజుకు ఊడివచ్చే ముడి వేయడం అలవాటు చేసుకోవాలి.

## మొదటి వారం: ఊరు, నాయకులు

అసలు ఎవరి మాట వినాలి? కలెక్టరా, ఎమ్మెల్యేనా, సర్పంచా?

చట్టం ప్రకారం 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద ప్రతి జిల్లాకూ ఒక విపత్తు నిర్వహణ సంస్థ ఉంటుంది, దానికి కలెక్టరు అధ్యక్షత వహిస్తారు, జిల్లా పరిషత్ అధ్యక్షులు సహాధ్యక్షులుగా ఉంటారు. రాకపోకలను ఆపడం, అవసరమైన వాహనాలను, భవనాలను తీసుకోవడం ఆ చట్టం ఇచ్చే అధికారాల్లో ఉన్నాయి. తప్పుడు హెచ్చరికలతో జనాన్ని భయపెట్టినవారికి ఏడాది వరకు జైలు కూడా అందులో ఉంది. గుంపులను నిషేధించే పాత 144 సెక్షన్ 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్‌గా ఉంది. ఇవన్నీ కాగితం మీద బలమైనవే. వాడకట్టులో జనం నిజంగా వినేది మాత్రం ఆశా కార్యకర్త మాట, ఎందుకంటే ఎవరి ఇంట్లో ఎవరికి జ్వరమో ఆమెకు తెలుసు. కలెక్టరు ఆదేశం ఆమె నోటి నుంచి వస్తేనే అది ఇంటి లోపలికి చేరుతుంది.

నిజం చెప్తే జనం ఆగమైతరు కదా. నాయకుడు కొన్ని రోజులు దాచిపెట్టడం మంచిది కాదా?

కాదు. రోజుకు రెట్టింపయ్యే వ్యాధిలో ఒక్క రోజు దాచడం అంటే రేపటి కష్టాన్ని రెండింతలు చేయడం. నాయకుడు మొదటి రోజు చెప్పవలసినవి ఇప్పటికి తెలిసింది ఏమిటి, తెలియనిది ఏమిటి, మళ్లీ ఏ గంటకు మాట్లాడతాడు అన్నవే. చెప్పిన గంటకు, కొత్త సంగతి ఏదీ లేకపోయినా, వచ్చి మాట్లాడాలి. అన్నింటికంటే ముఖ్యంగా, కాటు సంగతి బయటపెట్టిన ఇంటికి ఏమవుతుందో చెప్పాలి. ఆ ఇంటికి తిండి అందుతుందని, రోగిని కొట్టరని, మనవాళ్లు కిటికీ దగ్గర ఉండవచ్చని మాట ఇస్తే జనం చెబుతారు. ఇంటి మీద గుర్తు వేసి, లాక్కుపోయి, ఎక్కడ పెట్టారో చెప్పకపోతే దాస్తారు, దాచిన ప్రతి ఇల్లూ మూడు రోజుల్లో ఒక గుంపును బయటికి పంపుతుంది.

మా అభ్యాసంలో ఒకరికి సర్పంచ్ పాత్ర ఇచ్చి, ఆట మధ్యలో "నీ కొడుకును కరిచింది" అని రాసిన చీటీ చేతిలో పెడతాం. ఒకసారి ఒక డిగ్రీ విద్యార్థి ఆ చీటీ చదివి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో వేసుకుని, అదే గొంతుతో "ఇంటింటికీ పోయి అందరి చేతులు, కాళ్లు చూడండి" అని ఆజ్ఞ ఇచ్చాడు. వెనుక కూర్చున్న ఇద్దరు అమ్మాయిలు అది చూశారు. ఆ తరువాత ఆ ఆటలో ఎవరూ తమ చీటీ చూపించలేదు, నాలుగో రోజుకు ఊరు మిగలలేదు. ఆట ముగిశాక ఆ అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. అతడు చెడ్డవాడు కాదు, ఆ కుర్చీలో తండ్రి కూడా కూర్చుని ఉంటాడని మేము ముందుగా ఆలోచించలేదు. అప్పటి నుంచి సర్పంచ్ ఇంటిని తనిఖీ చేసే పని మరొకరికి అప్పగించి ఆట మొదలుపెడుతున్నాం.

ఊరి చుట్టూ కంచె వేసుకుని ఎవరినీ రానివ్వకపోతే తప్పా?

కంచె తప్పు కాదు, తలుపు లేని కంచె తప్పు. 2020 మార్చిలో ఉత్తర తెలంగాణలోని ఎన్నో ఊళ్లు తుమ్మ కంపలు, మొద్దులు రోడ్డుకు అడ్డం వేసుకున్నాయి. పొలిమేర కట్టుకోవడం మనకు కొత్త కాదు. బొడ్రాయి పండుగనాడు బయటివారిని రానివ్వరు, ఊరివారిని పోనివ్వరు. అయితే ఆ పండుగకు పెళ్లయి వెళ్లిపోయిన ఆడబిడ్డలను ముందే పిలిపించుకుంటారు. ఆ పద్ధతిలో ఉన్న ఆలోచన గొప్పది: కట్టు వేసే ముందు మనవాళ్లెవరో లెక్క చూసుకోవాలి. జాంబీ విపత్తులో ఊరి బయట బడి భవనాన్ని మూడు రోజుల విడిదిగా ఉంచి, వచ్చినవారికి అన్నం పెట్టి, మూడు రోజులు దాటాక లోపలికి తీసుకోవాలి. పురిటి నొప్పులతో వచ్చిన ఆడమనిషిని కంప దగ్గర ఆపిన ఊరు తనను తాను కాపాడుకున్నట్టు కాదు.

అనుమానం ఉన్నవాడిని ముందే కొట్టి చంపితే ఊరు బతుకుతుంది కదా?

ఈ ప్రశ్న అడిగేవారు ఎక్కువగా యువకులే, ధైర్యంగా అడుగుతారు. వారికి నేను 2018 మే నెల గుర్తుచేస్తాను. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పాకిన వదంతులతో తెలంగాణలో మూకదాడులు జరిగి అమాయకుల ప్రాణాలు పోయాయి. తూలుతూ నడిచేవాడు, పిలిస్తే పలకనివాడు, నోట నురగ కక్కేవాడు జాంబీ అనుకుంటే తాగినవాడు, చెవిటివాడు, మూర్ఛ రోగి, మతి స్థిమితం లేని మనిషి ముందు చస్తారు. చేతబడి చేసిందని ముసలమ్మలను వెంటాడిన ఊళ్లు మన జిల్లాల్లోనే ఉన్నాయి, వారికి జాంబీ అన్న మాట కొత్త సాకు అవుతుంది. కాటు గాయం కళ్లతో చూసి, పేరు పెట్టి పిలిచి, బదులు రాలేదని ఇద్దరు వేరు వేరు ఇళ్లవారు ఒప్పుకున్న తరువాతే మారినట్టు లెక్క. అనుమానానికి మందు కర్ర కాదు; గది, గొళ్లెం, మూడు రోజులు.

వరంగల్ కోటలో తలదాచుకోవచ్చా?

పిల్లలకు ఎంతో ఇష్టమైన ప్రశ్న. గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి పూర్తి చేసిన రాతికోటకు 45 బురుజులు, చుట్టూ అగడ్త, దాని వెలుపల మట్టికోట ఉన్నాయి. రాతికోట ద్వారాలు నేరుగా తెరుచుకోవు, లోపలికి వచ్చినవారు మలుపు తిరగవలసిందే. గుంపుగా నెట్టుకువచ్చే జాంబీలకు అది నిజంగానే అడ్డంకి. కానీ ఇప్పుడు ఆ ద్వారాల గుండా తారు రోడ్డు పోతుంది, వాటికి తలుపులు లేవు, కోట లోపల ఇళ్లు, పొలాలు, వేల మంది జనం ఉన్నారు. అది వారి ఊరు. వారు ఒప్పుకుని, వారితో కలిసి నాలుగు ద్వారాలను మూయగలిగితే కాపాడుకోవచ్చు. నగరమంతా ఒకేసారి అక్కడికి పరిగెడితే కోట కూడా బస్టాండు లాంటిదే అవుతుంది.

ఏటూరునాగారం అడవిలోకి పోతే మేలు కాదా?

నగరంలో పుట్టినవారికి కాదు. వానకాలంలో వాగులు దారులు మూస్తాయి, దోమలు, మలేరియా ఉంటాయి, ఏ నీరు తాగవచ్చో తెలియదు. అక్కడ తరతరాలుగా బతుకుతున్న కోయ గూడేలు ఉన్నాయి. మనం పారిపోయి వెళ్లడమంటే జబ్బును వారి గడపకు మోసుకుపోవడం. అక్కడ చుట్టాలున్నవారు, పిలిస్తే, ఊరి బయట మూడు రోజులు ఆగి వెళ్లవచ్చు.

## నెల దాటిన తరువాత

కరెంటు ఎన్నాళ్లు ఉంటుంది?

యంత్రాలు నడిపే మనుషులు ఉన్నన్నాళ్లు. భూపాలపల్లి దగ్గర చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం సామర్థ్యం 1,100 మెగావాట్లు, బొగ్గు గనులు పక్కనే ఉన్నాయి. అయినా గనిలో దిగేవారు, బాయిలరు చూసేవారు, లైన్‌మన్ డ్యూటీకి రాకపోతే బల్బు వెలగదు. వారి కుటుంబాలను ముందుగా భద్రమైన చోట పెట్టిన నాయకుడికే కరెంటు మిగులుతుంది.

తిండి తక్కువ పడితే ఎవరికి ముందు పెట్టాలి? తగాదాలు రావా?

తప్పకుండా వస్తాయి. ఎవరి దగ్గర ఎంత ఉందో, ఎవరికి ఎంత ఇచ్చారో పంచాయతీ గోడ మీద బొగ్గుతోనైనా రోజూ రాస్తే సగం తగాదాలు పుట్టవు. లెక్క రాసే పనికి మహిళా సంఘాల వారు తగినవారు. నెల నెలా పొదుపు పుస్తకాలు రాసి అలవాటున్న చేతులు అవి. పసిపిల్లలు, బాలింతలు, కాపలా కాసేవారు ముందు, సర్పంచ్ ఇల్లు చివర. కులం వాడల వారీగా వంటలు వేరు చేయాలన్న మాట ఎవరో ఒకరు ఎత్తుతారు, మొదటి రోజే కాదనాలి.

మేడారం జాతర ఏడాదే ఇది వస్తే?

రెండేళ్లకు ఒకసారి మాఘమాసంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు కోటి మందికి పైగా వస్తారని అంచనా. అంతమంది జంపన్నవాగులో స్నానం చేసి, గద్దెల దగ్గర ఒత్తుకుని నిలబడే చోట ఒక్క కాటు చాలు. జాతర ఆపడం కాదు, జనాన్ని ఆపడం దీనికి దారి. చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను, కన్నెపల్లి నుంచి సారలమ్మను తెచ్చే సంప్రదాయాన్ని కోయ పూజారులు కొద్దిమందితో జరపవచ్చు, భక్తులు ఇంటి దగ్గరే బెల్లం తూచి మొక్కు పెట్టుకుని మరుసటి జాతరకు చెల్లించవచ్చు. ఈ మాట పూజారుల నోటి నుంచి ముందు రావాలి. అధికారి ఒక్కడే చెబితే అది నిషేధంగా వినిపిస్తుంది, జనం అడవి దారులు పట్టి వస్తారు.

## అంతా సద్దుమణిగాక

కంచె ఎప్పుడు తీయాలి?

చివరి జాంబీ కనిపించిన రోజు నుంచి లెక్కపెట్టకూడదు, చివరి కాటు పడిన రోజు నుంచి లెక్కపెట్టాలి. ఎబోలా ముగిసిందని ప్రకటించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 42 రోజులు ఆగుతుంది. జబ్బు లోపల దాగి ఉండగల గరిష్ఠ వ్యవధి 21 రోజులు కాబట్టి దానికి రెట్టింపు. మా అభ్యాసంలో అది మూడు రోజులు, కాబట్టి కనీసం ఆరు. దాచిన ఇళ్లు ఉండవచ్చు కనుక పన్నెండు రోజులు ఆగమంటాను. నిల్వలను ఆ రోజున కూడా ఖర్చు చేయవద్దు. ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ మొదటిసారి ముట్టడించి వెనుదిరిగినప్పుడు ఇక రారనుకుని ఓరుగల్లులో ధాన్యాగారాలు తెరిచి సంబరాలు చేసుకున్నారని, కొద్ది నెలలకే అతడు కొత్త బలగంతో తిరిగి వచ్చేసరికి కోటలో తిండి లేదని చెబుతారు. 1323లో కోట పడిపోయింది.

మారిపోయిన తమ్ముణ్ని మా చేతులతోనే ఆపవలసి వచ్చిందనుకుందాం. ఆ బాధ ఎట్ల పోతది?

త్వరగా పోదు. అందుకే ఆ పని సొంతవారికి ఎప్పుడూ అప్పగించకూడదని, ఇద్దరు బయటివారు చేయాలని ముందే ఊరు అనుకోవాలి. చేయవలసి వస్తే, ఆ మనిషి అప్పటికే వెళ్లిపోయాడని సాక్షులు చెప్పిన మాట కాగితం మీద రాసి ఇంటివారికి ఇవ్వాలి. రాత్రి రెండు గంటలకు సందేహం వచ్చినప్పుడు చదువుకోవడానికి అది కావాలి. ఈ ప్రశ్న అడిగిన కొందరు జాంబీ గురించి అడగడం లేదని నాకు తెలుసు. కరోనాలో తండ్రిని ఆసుపత్రిలో వదిలి వచ్చినవారు, ఆక్సిజన్ దొరకనివారు, తన వల్లే తల్లికి అంటిందనుకునేవారు వారిలో ఉన్నారు. వారు 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీమానస్ అనే ప్రభుత్వ సేవలో మానసిక సలహాదారులు డబ్బు తీసుకోకుండా మాట్లాడతారు, తెలుగులో కూడా.

శవం దొరకలేదు, ఏ రోజు పోయాడో తెలియదు. దినాలు ఎట్ల చేయాలి?

చేయవచ్చు, చేయాలి. శరీరం దొరకనివారికి మోదుగ ఆకులతో, దర్భలతో ప్రతిమ కట్టి దహనం చేసే పద్ధతి శాస్త్రంలోనే ఉంది, మోదుగ మన దగ్గర ఎక్కడ చూసినా ఉంటుంది. పోయిన రోజు తెలియకపోతే కబురు తెలిసిన రోజును గానీ, అమావాస్యను గానీ తీసుకుంటారు, ఇంటి పురోహితుడిని అడిగి నిర్ణయించుకోవచ్చు. ముస్లింలలో కొందరికి దూరంగా చనిపోయినవారి కోసం శరీరం ఎదుట లేకుండానే జనాజా నమాజు చదివే పద్ధతి ఉంది, క్రైస్తవులు చర్చిలో జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టించుకుంటారు. ఊరంతా కలిసి ఒకే రోజున చేసుకుంటే కంచె బయట చనిపోయిన పేరు తెలియని ప్రయాణికుల కోసం కూడా ఒక విస్తరి వేయండి. పిట్టకు పెట్టేటప్పుడు వారి పేర్లు తెలియవు కనుక, వారు ఏ దారి నుంచి వచ్చారో ఆ దారి పేరు చెప్పి పిలవవచ్చు: నర్సంపేట రోడ్డు నుంచి వచ్చినాయన, పరకాల వైపు నుంచి వచ్చిన తల్లీబిడ్డ.